ఎన్ని అంగుళముల గొట్టము?

వేటకై తనకొక రైఫిల్‌ను ప్రత్యేకముగా చేయించుకొనదలచినవాడు తుపాకిశిల్పి కార్ఖానాకు పోయినప్పుడు, ఏ తూటాకు చేయవలెను, కుందాకు ఏ అక్రోటుచెక్క వాడవలెను, మీట ఎంత ఒత్తిడికి జారవలెను అను ప్రశ్నలన్నిటికిని ఉత్సాహముతో సమాధానము చెప్పును. గొట్టము ఎన్ని అంగుళములుండవలెనని శిల్పి యడిగినప్పుడు మాత్రము, ఎక్కడనో చదివిన యంకెనో, మిత్రుని తుపాకిపై చూచిన యంకెనో చెప్పి ఊరకుండును. తక్కిన విషయములలో పొరపాటు జరిగినచో దిద్దుకొనుటకు వీలున్నది. మీటను మరల సవరించవచ్చును. కుందా మడమ పొడుగైనచో చెక్కవచ్చును, పొట్టియైనచో పలక నతికింపవచ్చును. గొట్టము సంగతి అట్టిది కాదు. ముడిగొట్టము శిల్పి చేతికి వచ్చునప్పుడు అవసరమునకంటె నిడుపుగానే వచ్చును. రంపము దానిని పొట్టిచేయగలదే గాని, కోసిపారవైచిన అంగుళమును మరల అతుకగల విద్య ఎవ్వరికిని లేదు. కావున ఆ ఒక్క అంకె వెనుక నున్న ఆలోచన ఎంతటిదో, ఆ ఆలోచనను మూడు శతాబ్దులుగా ఏయే దేశముల పనివారు ఏయే విధముల సానపట్టిరో తెలిసికొనుట, తుపాకిని చేతపట్టని వారికి సైతము, ఒక శిల్పసంప్రదాయము ఎట్లు పరిపక్వమగునో తెలిసికొనుటయే యగును.

మనిషి కొలతలకు తుపాకిని మలచు ఈ విద్యకు ఐరోపాలో కొన్ని ప్రసిద్ధ స్థానములు కలవు. ఆస్ట్రియాలోని కారింథియా ప్రాంతమున ఫెర్లాఖ్ అను చిన్న పట్టణము 16వ శతాబ్ది నుండి ఈ వృత్తితోనే బ్రతుకుచున్నది. జర్మనీలో సూల్ పట్టణము అట్టిదే. రిగ్బీ సంస్థ 1775లో డబ్లిన్ నగరమునను, వెస్ట్‌లీ రిచర్డ్స్ 1812లో బర్మింగ్‌హామునందును, హాలండ్ అండ్ హాలండ్ 1835లో లండను నందును వెలసినవి. దర్జీ చొక్కాకు కొలత తీసినట్లే ఈ పనివారు కొనువాని మెడపొడవును, భుజముల వెడల్పును, చేతినిడివిని, చెంపయెముక ఎత్తును కొలిచి, ఎటుపడిన అటు సవరింపదగిన మచ్చుతుపాకిని అతని భుజమున కానించి చూచి, కుందా వంపును నిర్ణయింతురు. కన్ను మూసికొని తుపాకిని భుజమునకు చేర్చి కన్ను తెరచినప్పుడు గురి తనంతట తానే చూపునకు ఎదురుగా నిలువవలెను. అది వారి యాదర్శము. గొట్టపు నిడివియు ఈ కొలతలలో నొకటియే. అయితే మిగిలిన కొలతలు మనిషి దేహమునుండియే వచ్చుచుండగా, ఇది మాత్రము మనిషి, నేల, తూటా అను మూటి మధ్య జరుగు రాజీనుండి వచ్చును. కష్టమంతయు అందే యున్నది.

మొదట ఆ కొలతను తీయు పద్ధతిని చెప్పవలెను. తూటా వెనుక గడియవలె బిగియు బోల్టును మూసిన తుపాకిలో మూతినుండి ఒక కమ్మిని లోనికి దించినచో అది బోల్టు ముఖమునకు తగిలి ఆగును. మూతి యంచువద్ద కమ్మిపై గీటు పెట్టి, పైకి తీసి కొలిచిన నిడివియే గొట్టపు నిడివి. అనగా తూటా కూర్చుండు గది కూడ ఈ లెక్కలో చేరియే యున్నది. .30-06 తూటా తొడుగు ఒక్కటియే ఇంచుమించు రెండున్నర అంగుళములుండును గనుక, 24 అంగుళముల గొట్టమని మనము చెప్పుకొనుదానిలో గుండు పరుగెత్తుటకు నిజముగా మిగులునది 21 అంగుళములకు కొంచె మెక్కువ మాత్రమే. పెద్దతూటా పెద్దగదిని ఆక్రమించును. ఆ మేరకు పరుగుబాట తగ్గును. ఒకే నిడివిగల రెండు తుపాకులు రెండు వేరు తూటాలకు ఒకే నిడివి కావని దీనివలన తేలుచున్నది.

పూర్వచరిత్ర ఈ ప్రశ్నను చక్కగా విశదపరచును. 18వ శతాబ్దిలో జర్మను అడవులలో వేటగాండ్రు పట్టిన యేగర్ తుపాకులు పొట్టివి. గొట్టము రెండు, రెండున్నర అడుగులకు మించెడిది కాదు, రంధ్రము మాత్రము విశాలము. దట్టమైన చెట్లనడుమ దగ్గరనుండి పందిని, దుప్పిని కొట్టవలసిన వానికి అది చాలియుండెను. ఆ జర్మను పనివారే వలసపోయి అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు లాంకాస్టరు ప్రాంతమున స్థిరపడినప్పుడు వారి చేతికింద ఆ తుపాకి రూపము మారిపోయినది. నెలల తరబడి అడవిలో ఒంటరిగా తిరుగు మనిషికి సీసము, మందు రెండును మోయవలసిన బరువులే; కావున రంధ్రము సన్నగిల్లి గుండు చిన్నదైనది. సూరేకారము, గంధకము, బొగ్గు కలిపిన ఆ పాతమందు తక్కువ ఒత్తిడితో పనిచేయునది కనుక, కొలదిమందునుండి కూడ పూర్తిబలము రాబట్టుటకు గొట్టము 40 అంగుళములు దాటి సాగినది. నిడివి పెరిగినకొలది ఎదుటి గురిమొనకును వెనుకటి గురిగాడికిని మధ్య దూరము పెరిగి, చూపులోని చిన్నతప్పు సైతము కంటికి స్పష్టమైనది. లోకమున కెంటకీ రైఫిల్ అని పేరుపొందిన సన్నని పొడవైన తుపాకి ఇట్లు పుట్టినది.

కథ అంతటితో ముగియలేదు. 19వ శతాబ్దిలో అదే జాతిజనులు పడమటి మైదానములకు గుఱ్ఱములపై సాగిపోయినప్పుడు, నాలుగడుగుల గొట్టము జీనుపై అడ్డమైనది. ఎదుట నిలిచినవి అడవిదున్న, ఎలుగుబంటి మొదలగు భారీజంతువులు. సెంట్‌లూయీ నగరములో జేకబ్, శామ్యూల్ హాకెన్ అను సోదరులు అప్పుడు గొట్టమును మూడడుగుల ప్రాంతమునకు కుదించి, రంధ్రమును వెడల్పుచేసి, గోడలను దళసరి చేసి, పెద్దమోతాదు మందును తట్టుకొను తుపాకిని చేసిరి. యేగర్‌నుండి కెంటకీకి సాగి, కెంటకీనుండి హాకెన్‌కు కుదించుకొన్న ఈ నడకలో ఏ ఒక్క నిడివియు తప్పు కాదు. ఒక్కొక్కటి తన నేలకు ఒప్పు. నేల మారిన క్షణమున ఒప్పు తప్పగును.

పొగలేని మందు వచ్చి ఈ లెక్కల నన్నిటిని తిరగవ్రాసినది. 1884లో పాల్ వియెల్ అను ఫ్రెంచి రసాయనజ్ఞుడు దానిని కనుగొనగా, రెండేండ్లకే ఫ్రాన్సు సేన లెబెల్ రైఫిల్‌ను స్వీకరించెను. కొత్తమందు పాతదానికంటె ఎన్నోరెట్లు హెచ్చు ఒత్తిడితో పనిచేయునదైనను, సైన్యములు పాత అలవాటును వెంటనే వదలలేదు. లెబెల్ గొట్టము 31 అంగుళములు దాటియుండెను, 1898 నాటి జర్మను మౌజర్‌ది 740 మిల్లీమీటర్లు, ఆంగ్లేయుల పొడవైన లీ-ఎన్‌ఫీల్డ్‌ది 30.2 అంగుళములు. బోయరు యుద్ధమునందలి యనుభవముతో ఆంగ్లేయులు కాల్బలమునకును అశ్వబలమునకును ఒకటే తుపాకి చాలునని నిశ్చయించి దానిని 25.2 అంగుళములకు తగ్గించిరి. పొట్టిదానికి గురి నిలువదని నాడు చెలరేగిన విమర్శలు మొదటి ప్రపంచయుద్ధములో వమ్మైపోయినవి. మన పోలీసు ఠాణాలలో తరతరములుగా త్రీనాట్‌త్రీ యనబడిన తుపాకి దాని సంతతియే. అమెరికా సేన 1903లో స్వీకరించిన స్ప్రింగ్‌ఫీల్డ్‌కు 24 అంగుళముల గొట్టమే పెట్టెను. వేటతుపాకికి 24 అంగుళములు సహజమైన నిడివియని ఈనాటికిని పలువురు తలచుటకు, సైనికాధికారుల ఆ నిర్ణయము కొంత కారణము.

ఇక గొట్టములో జరుగునదేమో చూతము. మీట జారగానే మందు అంటుకొని, గుండు కొలది అంగుళములు కదలునంతలోనే ఒత్తిడి శిఖరమునకు చేరును; .30-06 విషయములో ఆ శిఖరము చదరపు అంగుళమునకు 60,000 పౌనుల వరకు పోవచ్చును. అటుపిమ్మట గుండు ముందుకు సాగినకొలది వాయువునకు చోటు పెరిగి ఒత్తిడి దిగజారును. దిగజారుచున్నను గుండును తోయుచునే యుండును. గొట్టపు తొలి అంగుళములు ఇచ్చు వేగము అపారము, నడిమి అంగుళములు ఇచ్చునది మితము, తుది అంగుళములు ఇచ్చునది స్వల్పము. ఎండకాలపు ఏటిలో చెలమ మొదట కడవలకొలది నీరిచ్చి, తోడినకొలది ఊట సన్నగిల్లినట్లే ఇదియును. గుండు ఈ బాటనంతయు దాటుటకు పట్టు కాలము సెకనులో వెయ్యవవంతుకు కొంచె మెక్కువ మాత్రమే.

అయితే ఆ స్వల్పము ఎంత యనునది తూటాను బట్టి మారును. తొడుగులో మందు పట్టు చోటు ఎక్కువై, గుండు పోవు రంధ్రము సన్ననైనప్పుడు, ఆ మందు తన బలమును విప్పుటకు నిడుపైన బాటను కోరును. .308 వంటి మితమైన తూటాకు ఒక్క అంగుళము తగ్గించినచో సెకనుకు 20, 25 అడుగుల వేగము తగ్గును. 7 మిల్లీమీటరు మాగ్నమ్ వంటి పెద్దమందు తూటాలకు 30 అడుగులో అంతకు మించియో పోవును. అందువలననే వించెస్టరు సంస్థ తన .264 మాగ్నమ్ తూటాను ప్రవేశపెట్టినప్పుడు దానికి 26 అంగుళముల గొట్టమును జతచేసెను. అట్టిదానిని 22కు కోసినవాడు, మాగ్నమ్ మందును, మాగ్నమ్ వెనుకతన్నును, మాగ్నమ్ మోతను భరించుచు, సామాన్యమైన తూటా ఫలమునే పొందును. మరొక కొసను .22 రింఫైర్ తూటా ఉన్నది; దాని చిటికెడు మందు 16 అంగుళముల ప్రాంతముననే తన పనిని ముగించును, అంతకు మించిన గొట్టమున గుండు రాపిడికి లోనగుటే గాని వేగము పొందదు. పొట్టిగొట్టమునకు త్వరగా మండు మందు వాడినచో నష్టము తీరునని ఒక నమ్మకము కలదు. కాని నిడుపుగొట్టములో అత్యధిక వేగమిచ్చిన మందే పొట్టిదానిలోను సాధారణముగా అత్యధిక వేగమిచ్చునని కొలిచి చూచినవారు ఎరుగుదురు.

వేగము తగ్గినచో వేటకు కలుగు నష్టమెంత? 180 గ్రెయిన్ల గుండును సెకనుకు 2,700 అడుగుల వేగముతో పంపు .30-06 తుపాకిని 24 నుండి 20 అంగుళములకు కోసినచో వేగము 2,600కు దిగజారుననుకొందము. రెండింటిని 200 గజములకు గురి కుదిర్చి 300 గజముల దూరమున కాల్చినప్పుడు, రెండవదాని గుండు మొదటిదానికంటె ఇంచుమించు ఒక్క అంగుళము మాత్రమే క్రిందుగా తగులును. దుప్పి గుండెయు ఊపిరితిత్తులును ఉన్న మర్మస్థానము ఎనిమిది అంగుళముల వెడల్పు గలది. అంగుళము తేడా దానిలో కలిసిపోవును. వేటగాని చేయి వణకినచో, ఊపిరి తప్పినచో కలుగు తేడా దీనికి పదిరెట్లు. కావున మితమైన తూటాను ఎన్నుకొన్నవాడు వేగమును తలచి నిడివిని నిర్ణయించుకొనుట, పెండ్లిభోజనములో ఉప్పుచెంబును లెక్కపెట్టి వంటసాలను మరచుటవంటిది.

గురి కుదురుట విషయమున లోకములో వ్యాపించిన భ్రమ నిజమునకు సరిగా తలక్రిందులు. నిడుపైన గొట్టము సూటిగా కొట్టునని పలువురు నమ్ముదురు. తెరచిన గురిమొనల కాలములో అందు నిజమున్నది. కాని ఆ నిజము కంటిదే గాని ఇనుముది కాదు. టెలిస్కోపు వచ్చిన తరువాత మొనల నడిమిదూరమను మాటయే లేదు. ఇనుము దృష్టితో చూచినచో పొట్టిదే దృఢమైనది. ఒకే మందముగల కడ్డీ బిగువు దాని నిడివి ఘనమునకు విలోమముగా నుండునని యంత్రశాస్త్రము చెప్పును. ఆ లెక్కన 26 అంగుళముల గొట్టమును అదే మందముతో 22కు తగ్గించినచో బిగువు 1.65 రెట్లగును. పేలినప్పుడు గొట్టము చెరకుగడవలె కంపించును. బిగువైనది తక్కువగా కంపించును. మందమునకో, బిగువు దాని నాలుగవ ఘాతమును బట్టి పెరుగును. కావున బరువు పెంచక గురి కుదురవలెననువాడు నిడివిలో తీసి మందములో పెట్టుట వివేకము. సన్నని నిడుపుగొట్టము చూపునకు సొగసే గాని రెండు మూడు తూటాలకే వేడెక్కి గురి తప్పవచ్చును.

మూతివద్ద 15 మిల్లీమీటర్ల మందముండు గొట్టమున ఒక్క అంగుళపు బరువు 27 గ్రాముల ప్రాంతము. నాలుగంగుళములకు నూరుగ్రాములు దాటునంతే గదా యని త్రోసిపుచ్చరాదు. ఆ బరువు చేతికి దూరముగా, కొసన వ్రేలాడుచున్నది; త్రాసుకొయ్య చివరన పెట్టిన గురిగింజ నడుమ నున్న పడికట్టురాతిని కదల్చినట్లు, మూతివద్ద నున్న కొలదిబరువు తుపాకి నడతనంతయు మార్చును. బరువు రెండు చేతుల నడుమ నిలిచినప్పుడు తుపాకి చురుకుగా లేచును, కదులు జంతువు వెంట తిరుగును. కొసకు కొంచెము వాలినప్పుడు మెల్లగా లేచును. లేచినపిమ్మట మాత్రము గాలికిని, గుండెచప్పుడునకును చలింపక నిలుచును. కొండయెక్కి రొప్పుచు నిలుచుండి కాల్చువానికి ఈ నిలుకడ వరము. తుమ్మపొదలలో నడచువానికి ఆ చురుకే ప్రాణము. ఏది తనకు కావలెనో కొనువాడు చెప్పలేకపోయినను, అతడు తుపాకి ఎత్తు తీరును చూచిన శిల్పి చెప్పగలడు; అనుభవజ్ఞుడైన శిల్పికి ఈ పరీక్షయే ప్రధానము.

అమెరికా వేటరచయిత జాక్ ఓ’కానర్ 1925లో వెలువడిన .270 తూటాను జీవితాంతము మెచ్చి, స్పోకేన్ నగరపు శిల్పి ఆల్ బీసెన్ చేత తన వించెస్టర్ మోడల్ 70 తుపాకులకు కుందాలు చెక్కించుకొనెను. ఎత్తైన కొండలలో అడవిగొఱ్ఱెలను వెదకుచు దినమంతయు నడచు ఆయనకు నచ్చిన గొట్టము 22 అంగుళములది. ఆ తూటాకు మరి రెండంగుళములున్నచో వేగము కొంత హెచ్చునని ఎరుగనివాడు కాడు. తాను మోయవలసిన మైళ్లను ఎరిగినవాడు.

ఐరోపా కొండలలో ఈ ఆలోచన ఇంకను ముందుకు పోయినది. ఆస్ట్రియాలోని స్టెయర్ కార్ఖానా 1903లో వెలువరించిన మాన్‌లిఖర్-షోనావర్ కార్బైనుకు 450 మిల్లీమీటర్ల గొట్టము, మూతివరకు సాగిన కుందా ఉండెను. ఆల్ప్స్ శిఖరములపై షమ్వా అను అడవిమేకను వెదకుచు వీపున తుపాకి తగిలించుకొని బండల నెగబ్రాకువానికి, తలపైకి పొడుచుకొనివచ్చు గొట్టము రాతిని తాకి ప్రాణమునకే ముప్పు తెచ్చును. దాని 6.5 మిల్లీమీటరు తూటా చిన్నది, గుండు పొడవైనది, బరువైనది. పొట్టిగొట్టమున అది కోలుపోవు వేగము కొలదియే. మూతివరకు కప్పిన చెక్క తేమకు వంగి గొట్టమును నొక్కునను దోషము నిడుపుతుపాకిలో పెద్దది, పొట్టిదానిలో చిన్నది. తూటా, చెక్క, కొండ మూడును ఒకే నిడివిని కోరిన ఆ పొందికవలననే నూరేండ్ల పిమ్మటను ఆ తుపాకిని చూచినవారు చేతికి తీసికొనక మానరు.

పొట్టితనమును గొట్టమును కోయకయే సాధించు ఉపాయము మరియొకటి కలదు. బోల్టుతుపాకిలో బోల్టు వెనుకకు జరుగుటకును, తూటా పైకి వచ్చుటకును గొట్టము వెనుక కొంత చోటు కావలెను. నడుమ విరిచి ఒక్కతూటా పెట్టు ఫెర్లాఖ్ కొండతుపాకిలోను, 1872లో హక్కుపత్రము పొందిన ఫర్‌కర్‌సన్ ఒంటితూటా పద్ధతిలోను ఆ చోటుతో పనిలేదు. ఆ మిగులు ఇంచుమించు నాలుగంగుళములు. కావున 26 అంగుళముల గొట్టముగల ఒంటితూటా తుపాకి, మొత్తపు నిడివిలో 22 అంగుళముల గొట్టముగల బోల్టుతుపాకితో సమానమగును. రెండవతూటా తక్షణమే దొరకదను లోపమును అంగీకరించినవాడు వేగమును, పొట్టితనమును ఒకేసారి పొందును.

ఆఫ్రికా పొదలలో ఏనుగునకును, అడవిదున్నకును వాడు జోడుగొట్టముల రైఫిల్ ఈ చర్చలో ప్రత్యేకస్థానము గలది. రెండు గొట్టములును దూరమున ఒకే చోట గుండు వేయునట్లు శిల్పి మూతివద్ద సన్నని మేకులను జరుపుచు, కాల్చి చూచుచు, మరల జరుపుచు దినములకొలది కుదుర్చును. ఆ కుదురు ఆ నిడివికే, ఆ తూటాకే చెందును. పొడవైనదని ఎవడైన తరువాత అంగుళము కోసినచో గొట్టముల కంపనము మారి, రెండు గుండ్లును రెండు దారులు పట్టును. శిల్పి కృషియంతయు నేలపాలగును.

మన దేశముతోను ఈ చరిత్రకు బంధుత్వమున్నది. చంపావత్ నరభక్షకవ్యాఘ్రమును 1907లో చంపినందులకు నాటి సంయుక్తపరగణాల లెఫ్టినెంట్ గవర్నరు సర్ జాన్ హ్యూయెట్ వేటగాడు జిమ్ కార్బెట్‌కు బహూకరించినది .275 రిగ్బీ రైఫిల్. మౌజర్ బోల్టుపై రిగ్బీ పనివారు కూర్చిన తేలిక తుపాకి యది. కుమావూ కొండలలో కాలినడకన తిరుగువాని చేతికి తగినది. ఆ తుపాకిని రిగ్బీ సంస్థయే 2015లో కొని భద్రపరచుకొన్నది. చిత్తూరు మండలపు మామండూరు అడవులలోను, నల్లమలలోను సంచరించి ఆ కథలను వ్రాసిన కెన్నెత్ ఆండర్సన్ చేతిలోని .405 వించెస్టర్ 1895 నమూనా లీవరుతుపాకి. చీకటిలో మంచెపై కూర్చున్నవానికి ఆకుచప్పుడు కాకుండ గొట్టమును కొమ్మల సందునుండి త్రిప్పవలసియుండును. అట్టివానికి సెకనుకు ఏబది అడుగుల వేగముకంటె గొట్టము రెమ్మను తాకకుండుట గొప్ప.

చెవిని మరచి నిడివిని నిర్ణయింపరాదు. గొట్టము పొట్టియైనకొలది మూతివద్ద మిగిలిన ఒత్తిడి హెచ్చి, మోతయు మంటయు హెచ్చును. 140 డెసిబెల్‌లు దాటిన పేలుడు చెవికి శాశ్వతహాని చేయగలదు. వేటరైఫిల్ ఆ గీటును సులభముగా దాటును. నార్వే, ఫిన్లాండు వంటి దేశములలో వేటగాండ్రు సైలెన్సరును చట్టసమ్మతముగా వాడుచున్నారు. అది మూతికి అరడుగు, అంతకు మించియు చేర్చును గనుక, వారి గొట్టములు 18, 20 అంగుళములకు దిగినవి. అమెరికాలో రైఫిల్ గొట్టము 16 అంగుళములకు తగ్గినచో 1934 నాటి ప్రత్యేకచట్టము క్రిందికి వచ్చునను సంగతియు శిల్పి మనసున నుంచుకొనును.

ఇన్నిటిని ఎరిగిన శిల్పి నడచు క్రమము ఇట్టిది. మొదట తూటాను అడుగును, ఏలయన అది కోరు కనీసపు నిడివి కలదు. పిమ్మట నేలను అడుగును: దట్టమైన అడవియా, విశాలమైన గడ్డిమైదానమా, కొండయా, నడకయా, గుఱ్ఱమా, వాహనమా. అటుపై మనిషిని చూచును: పొడవరియా, పొట్టివాడా, నిలుచుండి కాల్చునా, ఆనించి కాల్చునా. అతడు ఇదివరకు ప్రేమించిన తుపాకి ఏదైన నున్నచో తెమ్మని దానిని కొలుచును. అప్పుడును నిశ్చయింపక గొట్టమును రెండంగుళములు నిడుపుగానే బిగించి, కుందా కూర్చి, టెలిస్కోపు పెట్టి, కొనువాని చేతికిచ్చి ఎత్తించి, దింపించి, నడిపించి చూచును. అప్పుడు రంపమును ముట్టును. కోసిన మూతికి క్రౌన్ తీర్చుట కడపటి పని. గుండు గొట్టమును విడుచు క్షణమున దానిని తాకు చివరి ఇనుము ఆ మూతియంచే. వెంట్రుకవాసి పల్లముగా నున్నచో వాయువు ఒకవైపు ముందుగా చిమ్మి గుండును ప్రక్కకు నెట్టును. రంధ్రపు ఇరుసునకు సరిగా లంబముగా, నలుదిక్కుల సమముగా అంచు తీర్చబడినపుడే కోత పూర్తియైనట్లు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టముతో మన దేశమున వేట గతించినది. గతించుట మన అడవులకు మేలే యైనది. వేట చట్టసమ్మతమై, జంతుసంఖ్యను లెక్కించి అనుమతిపత్రము లిచ్చు దేశములలో మాత్రము ఈ విద్యకు ఒక ధర్మమున్నది. కాల్చిన జంతువు గాయముతో పారిపోయి పొదలో మూలుగుచు చచ్చుటకంటె మించిన పాపము వేటలో లేదు. తన చేతికి కుదిరిన తుపాకితో కాల్చువాడు తొందరపడడు, తడబడడు, తన శక్తికి మించిన దూరమున కాల్చుటకు తెగింపడు. శిల్పి కొలతలన్నియు, కోతలన్నియు ఆ ఒక్క గుండు సూటిగా పోవుటకే గదా! ఈ సంప్రదాయపు విలువ చెక్కపై చెక్కిన పువ్వులలోను, ఉక్కుపై తీర్చిన తీగలలోను ఉన్నదని తలచువారు దానిని సగమే చూచినవారు.

కావున అట్టి దేశములలో నివసించుచు తనకొక తుపాకి చేయించుకొను తెలుగువాడెవడైన నున్నచో అతనికి చెప్పదగిన మాట ఇది. మితమైన తూటాకు 22 అంగుళములు, మాగ్నమ్‌కు 24 లేక 26, సైలెన్సరు తగిలించువానికి 18 లేక 20: ఈ యంకెలతో ఆలోచన మొదలుపెట్టవచ్చును, ముగింపరాదు. పట్టికలోని వేగమును చదువుటకు ముందు నీవు నడువబోవు నేలను తలచుకొనుము. ఇతరుని తుపాకిని మెచ్చుకొనుటకు ముందు నీ చేతిలోనిదానిని పదిమార్లు ఎత్తి చూచుకొనుము. అప్పటికిని సందేహము తీరనిచో రెండంగుళములు ఎక్కువే యుంచుమని శిల్పితో చెప్పుము. ఒక ఋతువు దానితో తిరిగి వచ్చిన పిమ్మట ఎంత కోయవలెనో నీ భుజమే చెప్పును.